కంప్యూటర్ల ఉత్తర ప్రత్యుత్తరములు: తప్పొప్పులు చూచు సాధనముల చరిత్ర

ఇద్దరు మనుష్యులు జాబులు వ్రాసికొనునప్పుడు ఒకరి వ్రాతలో చిన్న పొరపాటు దొర్లినను రెండవవారు సర్దుకొని చదువుకొందురు. "14వ తేదీ మంగళవారమునాడు ఉదయపు బండికి వచ్చుచున్నాను" అని ఒక చుట్టము వ్రాసినాడనుకొందము. తీరా ఆ 14వ తేదీ బుధవారమైనచో ఇంటివారు నవ్వుకొని రెండు రోజులును స్టేషనుకు మనిషిని పంపుదురు. కంప్యూటరుకు ఈ లౌక్యము లేదు. తనకు అందిన వ్రాతను అది అక్షరాలా నమ్మును. లేదా అసలే నమ్మక త్రోసివేయును.

అందుచేత ఒక కంప్యూటరు వ్రాసిన దానిని మరియొకటి చదువవలసి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు ఎదురగును. ఆ లేఖను ఏ రూపములో వ్రాయవలెను? అందిన లేఖ సరియైనదో కాదో ఎవరు, ఎక్కడ, ఏ సాధనముతో చూడవలెను? కూరగాయల బండివద్ద ఫోనుతో చెల్లించు పది రూపాయలు మొదలు ఖండాంతరములు దాటు కోట్ల రూపాయల వరకు నేడు ఇట్టి లేఖల మీదనే ప్రయాణము చేయుచున్నవి. ఈ రెండు ప్రశ్నలకును మనుష్యులు వెదకిన సమాధానములకు డెబ్బదియైదు సంవత్సరములకు మించిన చరిత్ర కలదు. అది కంప్యూటరు గదిలో గాక ఒక విమానాశ్రయములో మొదలైనది.

బెర్లిన్‌కు ఎగిరిన సరకులు

రెండవ ప్రపంచ సంగ్రామము ముగిసిన పిమ్మట బెర్లిన్ నగరమును నాలుగు విజేత రాజ్యములు పంచుకొన్నవి. 1948 జూన్ 24వ తేదీన సోవియట్ ప్రభుత్వము పశ్చిమ బెర్లిన్‌కు పోవు రోడ్లను, రైలు మార్గములను, కాలువలను మూసివేసినది. ఇరువది లక్షలకు మించిన ప్రజలకు తిండి, బొగ్గు, మందులు అందించుటకు ఆకాశమొక్కటే త్రోవగా మిగిలినది. 1949 సెప్టెంబరు వరకు అమెరికన్, బ్రిటిష్ విమానములు 2 లక్షల 70 వేలకు పైగా ప్రయాణములు చేసి సుమారు 23 లక్షల టన్నుల సరకును చేరవేసినవి.

విమానములతోపాటు కాగితములు కూడ చిక్కు తెచ్చిపెట్టినవి. సరకుల పట్టీలు ఒక్కొక్కచోటనుండి ఒక్కొక్క రూపములో, వేరువేరు భాషలలో వచ్చుచుండెడివి. ఏ విమానములో ఏమున్నదో తెలియనిదే దానిని దింపుటకు మనుష్యులను, లారీలను సిద్ధపరచుట సాధ్యము కాదు. అప్పుడు అమెరికా సైన్యమునకు చెందిన ఎడ్వర్డ్ గిల్బర్ట్, ఆయన సహచరులు సరకులన్నిటికి ఒకే నమూనా పట్టీని ఏర్పరచినారు. టెలెక్సు, రేడియో టెలిటైపు, టెలిఫోను, వీటిలో దేనిద్వారానైనను దానిని పంపుటకు వీలుండెను. లేఖ యొక్క రూపము వేరు, దానిని మోయు సాధనము వేరు అను మెలకువ ఈ పట్టీలో ఉన్నది. తరువాతి చరిత్ర అంతయు ఈ మెలకువపై ఆధారపడినదే.

1960 తరువాతి దశాబ్దములో గిల్బర్ట్ డ్యూపాంట్ రసాయన సంస్థలో పనిచేయుచు, ఆ సంస్థకును దాని సరకును మోయు ట్యాంకు లారీల సంస్థకును నడుమ ఇట్టి సందేశములనే కంప్యూటర్లద్వారా నడిపించినాడు. 1968లో అమెరికా రవాణా సంస్థలు కలిసి ఒక సమన్వయ సంఘమును స్థాపించినవి. 1975లో దాని మొదటి ప్రమాణములు వెలువడినవి. 1979లో ఎక్స్ 12 అను సంఘము అన్ని పరిశ్రమలకు చెల్లు ప్రమాణముల పనికి పూనుకొన్నది. 1987లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున రూపొందిన ఎడిఫాక్ట్ పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణముగా గుర్తింపు లభించినది.

పొదుపరి భాష

ఎడిఫాక్ట్ సందేశము చూచుటకు గూఢలిపివలె ఉండును. ప్రతి వాక్యము మూడక్షరముల సంకేతముతో మొదలగును. లోపలి భాగములను ప్లస్ గుర్తు విడదీయును. వాటిలోని చిన్న భాగములను రెండు చుక్కల గుర్తు విడదీయును. వాక్యము చివర ఒంటి ఉద్ధరణ చిహ్నముండును. టెలిఫోను తీగలమీద ప్రతి అక్షరమునకు ఖర్చైన దినములలో ఈ పొదుపు ఎంతో మేలు చేసినది.

అయితే పొదుపునకు మూల్యము చెల్లింపక తప్పలేదు. ఏ భాగము దేనిని తెలుపునో సందేశములో ఎక్కడను వ్రాసి ఉండదు. మూడవ స్థానములోనిది తేదీయా, సరకు సంఖ్యయా అనునది వేరొక గ్రంథములో చూచుకొనవలెను. ప్రతి పరిశ్రమవారు, చివరకు ప్రతి పెద్ద వ్యాపారి, ఆ గ్రంథమునకు తనదైన వ్యాఖ్యానము వ్రాసికొన్నారు. అనువాదము చేయు ప్రోగ్రాములు ఖరీదైనవి. సందేశములను చేరవేయు ప్రత్యేక జాలములకు రుసుము వేరుగా కట్టవలెను. పెద్ద దుకాణములు తమకు సరకు అమ్మువారిచేత ఈ పద్ధతిని అవలంబింపజేయగలిగినవి గాని, నలుగురు పనివారున్న చిన్న కార్ఖానాకు అది తలకు మించిన భారమైనది.

న్యాయవాది తెచ్చిన ఉపాయము

ఇదే కాలములో మరియొక త్రోవన మరియొక ఉపాయము పెరుగుచుండెను. చార్లెస్ గోల్డ్‌ఫార్బ్ అను న్యాయవాది ఐ.బి.ఎం. సంస్థలో చేరి, 1969లో ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను వారితో కలిసి న్యాయవాదుల కార్యాలయములకు ఒక సమాచార వ్యవస్థను తయారుచేయుటకు పూనుకొన్నాడు. పత్రములను దిద్దుటకు ఒక ప్రోగ్రాము, వెదకుటకు ఒకటి, అచ్చునకు అమర్చుటకు ఒకటి ఉండెను. ఒకదాని గుర్తులు మరియొకదానికి తెలియవు. ఒకే పత్రము మూడు ప్రోగ్రాములకును పనికిరావలెనన్నచో ఏమి చేయవలెను?

"ఈ పంక్తిని పెద్ద అక్షరములతో అచ్చువేయుము" అని గుర్తు పెట్టుటకు మారుగా "ఇది శీర్షిక" అని గుర్తు పెట్టుటయే వారు కనుగొన్న పరిష్కారము. ఏమి చేయవలెనో గాక ఇది ఏమిటో చెప్పినచో, ఏమి చేయవలెనో ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రాము నిశ్చయించుకొనును. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరములతో ఈ పద్ధతికి జి.ఎం.ఎల్. అను పేరు ఏర్పడినది. అది పెరిగి 1986లో ఎస్.జి.ఎం.ఎల్. అను అంతర్జాతీయ ప్రమాణమైనది. గ్రంథ ప్రచురణకర్తలకు, ప్రభుత్వ శాఖలకు అది బాగుగ ఉపకరించినది. కాని అందులో ఐచ్ఛికములు మెండు; దానిని పూర్తిగా చదువగల ప్రోగ్రాము వ్రాయుట నిపుణులకే కష్టసాధ్యము.

1990 తరువాత వరల్డ్ వైడ్ వెబ్ వ్యాపించినది. 1996లో వెబ్ ప్రమాణముల సంస్థయైన డబ్ల్యు 3 సి. ఒక సంఘమును నియమించినది. సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జాన్ బోసాక్ దానికి అధ్యక్షుడు. ఎస్.జి.ఎం.ఎల్.లోని అనవసరమైన కొమ్మలను నరికి, వెబ్‌పై సులభముగా నడచు ఒక చిన్న భాషను తయారుచేయుట ఆ సంఘపు పని. టిమ్ బ్రే, సి. ఎం. స్పెర్‌బర్గ్ మెక్వీన్, జాఁ పావొలీ సంపాదకులుగా 1998 ఫిబ్రవరి 10వ తేదీన ఎక్స్.ఎం.ఎల్. మొదటి ప్రమాణము వెలువడినది.

ఈ భాషలో ఒక చెల్లింపు సందేశమును ఇట్లు వ్రాయవచ్చును:

<చెల్లింపు>
<పంపువారు>రామయ్య</పంపువారు>
<మొత్తము నాణెము="రూపాయి">5000</మొత్తము>
</చెల్లింపు>

ప్రతి విషయమునకు ముందొక పేరు, వెనుక అదే పేరు గీతతో. ఒకదానిలో మరియొకటి, గిన్నెలో గిన్నెవలె అమరియుండును. సందేశము తన్ను తానే వివరించుకొనును. ప్రపంచ లిపులన్నిటికి స్థానమిచ్చిన యూనికోడ్‌పై ఈ భాష నిర్మింపబడినది గనుక పైన చూపినట్లు గుర్తుల పేర్లను సైతము తెలుగులో వ్రాసికొనవచ్చును. క్లుప్తతకు ప్రాధాన్యము లేదని ఈ భాష లక్ష్యములలోనే వ్రాసినారు. తీగలు, జ్ఞాపకశక్తి చౌకయైన కాలమునకు ఇది తగినదే.

క్షమింపని నియమము

ఎక్స్.ఎం.ఎల్. రూపకల్పనలో ఎంతో వాదోపవాదములకు గురియైన నియమమొకటి ఉన్నది. సందేశపు అల్లికలో ఎక్కడనైనను తప్పు కనబడినచో, అనగా తెరచిన గుర్తును మూయకపోయినను, గిన్నెల అమరిక తారుమారైనను, చదువు ప్రోగ్రాము అక్కడితో పని ఆపి, తప్పు దొరికినదని ప్రకటింపవలెను. ఊహించి సర్దుకొనరాదు.

వెబ్ పుటలను చూపు బ్రౌజర్ల అలవాటు దీనికి పూర్తిగా విరుద్ధము. అవి తప్పులను క్షమించి ఏదో ఒకటి చూపును. చదువువాడు మనిషియైనచో అది మేలే. కాని చదువునది యంత్రమైనప్పుడు, ఒక యంత్రము ఒకవిధముగను మరియొకటి వేరొకవిధముగను ఊహించినచో, ఒకే లేఖకు రెండు అర్థములు పుట్టును. డబ్బు లెక్కలలో అంతకంటె ప్రమాదము లేదు. 1997లో చాల చర్చ జరిగిన మీదట సంఘము కఠిన నియమమునకే మొగ్గు చూపినది.

సందేశమును విడదీసి చదువు ప్రోగ్రామును పార్సరు అందురు. ఇందు మొదటినుండియు రెండు తెగలు ఏర్పడినవి. సందేశమంతయు చదివి, దానిని చెట్టువలె జ్ఞాపకములో నిలుపు పద్ధతి ఒకటి. దీనికి డామ్ అని పేరు. దాని మొదటి ప్రమాణము 1998 అక్టోబరులో వచ్చినది. రెండవది శాక్స్. డేవిడ్ మెగ్గిన్‌సన్ పూనికతో, పలువురు నిపుణుల సంప్రదింపులద్వారా 1998 మే నెలలో వెలువడినది. ఇది సందేశమును మొదటినుండి చివరకు చదువుకొనిపోవుచు, ఒక్కొక్క గుర్తు ఎదురైనప్పుడెల్ల ప్రోగ్రామునకు కబురు చెప్పును, దేనిని దాచుకొనదు. పదిమంది పేర్లున్న చిన్న సందేశమునకు చెట్టు పద్ధతి సుకరము. లక్షల చెల్లింపులున్న పెద్ద జాబితాకు అదే చెట్టు కంప్యూటరు జ్ఞాపకమును నింపివేయును. అక్కడ రెండవ పద్ధతియే శరణ్యము. సాధనపు మంచిచెడ్డలు సందేశపు పరిమాణమునుబట్టి మారునని దీనివలన తేలుచున్నది.

అమరికను సరిచూచువారు

అల్లిక సరిగా ఉన్నంతమాత్రమున లేఖ సరియైనది కాజాలదు. పై ఉదాహరణములో 5000 అని ఉండవలసినచోట "గుమ్మడికాయ" అని వ్రాసినను అల్లికకు లోపము లేదు. ఏ గుర్తు ఎక్కడ రావలెను, ఎన్నిసార్లు రావలెను, అందు సంఖ్య ఉండవలెనా తేదీ ఉండవలెనా అను అమరికను చెప్పుటకు వేరొక ఒడంబడిక పత్రము కావలెను.

ఎస్.జి.ఎం.ఎల్. నుండి వారసత్వముగా వచ్చిన డి.టి.డి. అనునది మొదటి ఒడంబడిక. అది పుస్తకముల కొరకు పుట్టినది. అధ్యాయము తరువాత అధ్యాయము రావలెనని చెప్పగలదు గాని, ఇచ్చట సంఖ్యయే ఉండవలెనని చెప్పలేదు. వ్యాపార సందేశములకు ఈ లోపము భరింపరానిది. అందుచేత డబ్ల్యు 3 సి. 2001 మే 2వ తేదీన ఎక్స్.ఎం.ఎల్. స్కీమా అను ప్రమాణమును వెలువరించినది. సంఖ్య, తేదీ, కాలము, అవును-కాదు మొదలగు 44 రకముల విలువలు ఇందు సిద్ధముగా ఉన్నవి. వాటినుండి క్రొత్త రకములను కూడ నిర్మించుకొనవచ్చును.

ఈ ప్రమాణము పెద్దది, చిక్కైనది అని ఆక్షేపించిన పండితులు లేకపోలేదు. జపాను దేశీయుడైన మురాత మకోతో రూపొందించిన రిలాక్స్, జేమ్స్ క్లార్క్ రూపొందించిన ట్రెక్స్ కలిసి 2001 డిసెంబరులో రిలాక్స్ ఎన్.జి. అను పేర వెలువడినవి. వృక్షాకార గణిత యంత్రముల సిద్ధాంతము దీనికి పునాది. నేర్చుట సులభము, చదువుట సులభము. అయినను పోటీలో సులభమైనదే అన్నిచోట్ల గెలువలేదు. మైక్రోసాఫ్ట్, ఐ.బి.ఎం. వంటి పెద్ద సంస్థలు స్కీమానే తమ సాధనములలో చేర్చుకొన్నవి. స్కీమానుండి నేరుగా ప్రోగ్రాము భాగములను పుట్టించు పరికరములు కూడ వచ్చినవి. కనుక వ్యాపార సందేశముల రంగము స్కీమా వశమైనది. రిలాక్స్ ఎన్.జి. మాత్రము పత్రముల రంగములో నిలిచినది. 2006లో అంతర్జాతీయ ప్రమాణమైన ఓపెన్ డాక్యుమెంట్ పద్ధతి దానితోనే నిర్వచింపబడినది. ఉత్తరము పంపువాడు తనకు నచ్చిన భాషను గాక అందుకొనువానికి తెలిసిన భాషను ఎన్నుకొనక తప్పదు. సాధనముల విషయములోను ఇదే నియమము వర్తించినది.

మూడవ సాధనము వీటికి పోటీ కాదు, తోడు. తైపేలోని అకడెమియా సినికా సంస్థలో పనిచేయుచు రిక్ జెలిఫ్ 1999లో స్కిమట్రాన్ అను పద్ధతిని ప్రతిపాదించినాడు. "పద్దుల మొత్తము చివరి మొత్తముతో సరిపోవలెను", "వాయిదా తేదీ బిల్లు తేదీకి ముందు ఉండరాదు" వంటి నియమములను ఇందు వ్రాయవచ్చును. నియమము తప్పినచో ఏమి చెప్పవలెనో కూడ అక్కడనే మనుష్యుల భాషలో వ్రాయబడును. అమరికను మాత్రమే చూచు స్కీమా తొలి రూపమునకు ఇట్టి అర్థ పరీక్ష చేతకాదు. స్కీమాలో కూడ కొంతవరకు ఇట్టి నియమములను చేర్చుకొనుటకు 2012లో వచ్చిన 1.1 రూపము వీలిచ్చినది. 2017లో ఐరోపాలో వెలువడిన ఎలక్ట్రానిక్ ఇన్వాయిసు ప్రమాణమునకు అమరికను స్కీమాతోను, లెక్కల నియమములను స్కిమట్రాన్‌తోను సరిచూచుచున్నారు.

అంగారకుని చెంత పోయిన నౌక

అర్థ పరీక్ష లేనిచో ఎంతటి అనర్థము జరుగునో 1999లో ప్రపంచము చూచినది. ఇది ఎక్స్.ఎం.ఎల్. వాడిన సందర్భము కాదు. కాని రెండు కంప్యూటరు ప్రోగ్రాముల నడుమ సమాచారము మారిన సందర్భమే.

1998 డిసెంబరు 11వ తేదీన అమెరికా అంగారక గ్రహమునకు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను పంపినది. దారిలో నౌక చిన్న చిన్న రాకెట్లను పేల్చినప్పుడెల్ల కలుగు తాకిడి ఎంతయో భూమిమీద ఒక ప్రోగ్రాము లెక్కించి ఫైలులో వ్రాసెడిది. మార్గ నిర్దేశకుల ప్రోగ్రాము దానిని చదివెడిది. సంఖ్యలు న్యూటన్-సెకండ్లలో ఉండవలెనని ఒడంబడిక. వ్రాసిన ప్రోగ్రాము మాత్రము పౌండు-సెకండ్లలో వ్రాసినది. ఒకదానికొకటి సుమారు 4.45 రెట్లు తేడా. ఫైలు తెరచుకొన్నది, సంఖ్యలు సంఖ్యలుగానే ఉన్నవి, ఏ ప్రోగ్రామును అభ్యంతరము చెప్పలేదు. 1999 సెప్టెంబరు 23వ తేదీన గ్రహమునకు సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక సుమారు 57 కిలోమీటర్ల ఎత్తునకు దిగి నశించినది.

ఇక్కడ ఒడంబడిక లేకపోలేదు. కాగితముమీద చక్కగా ఉన్నది. దానిని ప్రతి సందేశమునకు అన్వయించి చూచు సాధనము మాత్రము దారిలో లేదు. సంఖ్య ప్రక్కనే కొలమానమును వ్రాయుట, వ్రాసినది ఒడంబడికతో సరిపోవునో లేదో ద్వారమువద్దనే చూచుట, ఈ రెండును ఎంత అవసరమో ఈ సంఘటన తెలుపుచున్నది.

కాపలాదారే తలుపు తెరచినచో

సరిచూచు సాధనములవలననే క్రొత్త ప్రమాదములు కూడ వచ్చినవి. డి.టి.డి.లో ఒక పొడవైన వాక్యమునకు చిన్న మారుపేరు పెట్టుకొను సౌకర్యమున్నది. ఒక మారుపేరులో మరియొక మారుపేరును పదిసార్లు, దానిలో ఇంకొకదానిని పదిసార్లు, ఇట్లు తొమ్మిది అంతస్తులు పేర్చినచో చివరకు ఒకే మాట వందకోట్లసార్లు విచ్చుకొనును. ఒక కిలోబైటుకు మించని లేఖ సుమారు 3 గిగాబైట్ల జ్ఞాపకమును మ్రింగివేసి కంప్యూటరును నిలిపివేయును. చదరంగపు గడులలో వడ్ల గింజలను రెట్టించుచు పోయిన కథవంటిదే ఇది. మారుపేరు బయటి ఫైలును కూడ సూచింపవచ్చును గనుక, అందుకొన్న కంప్యూటరులోని రహస్యపు ఫైలును బయటికి లాగు దొంగలకు కూడ అది ఉపయోగపడినది. యంత్రముల సందేశములను కవరులో పెట్టి పంపుటకై 2000 సంవత్సరములో ప్రతిపాదింపబడిన సోప్ పద్ధతి తన సందేశములలో డి.టి.డి. ఉండనే కూడదని నిషేధించినది. ఆ నిషేధము ఎంత దూరదృష్టితో కూడినదో తరువాత తెలిసివచ్చినది.

ఇంకొక విచిత్రము 2008లో బయటపడినది. ఒడంబడిక పత్రము ఎక్కడ ఉన్నదో తెలుపు చిరునామాను సందేశములో వ్రాయుట వాడుక. ఎన్నో ప్రోగ్రాములు ప్రతి సందేశమునకు ఆ చిరునామాకు పరుగెత్తి, ఎన్నడును మారని ఆ పత్రమునే మరల మరల తెచ్చుకొనుచుండెడివి. డబ్ల్యు 3 సి. కంప్యూటర్లకు ఒక్కొక్క రోజున 13 కోట్ల వరకు ఇట్టి అభ్యర్థనలు వచ్చినట్లు ఆ సంస్థయే ప్రకటించినది. ఇంటిలో ఒక ప్రతి ఉంచుకొన్నచో తీరిపోవు పని ఇది. పైగా బయటి చిరునామాపై ఆధారపడిన వ్యవస్థ, ఆ చిరునామా పలుకని దినమున తానును పలుకదు.

బ్యాంకుల లేఖలు, హైదరాబాదు

ఈ సాధనములన్నియు కలిసి పనిచేయు రంగము బ్యాంకులది. 15 దేశములకు చెందిన 239 బ్యాంకులు కలిసి 1973లో బెల్జియములో స్విఫ్ట్ అను సహకార సంస్థను స్థాపించినవి. 1977లో దాని సందేశములు నడువ మొదలిడినవి. ఆ పాత సందేశములలో డబ్బు అందుకొనువాని పేరు, చిరునామాలకు నాలుగు పంక్తులు, పంక్తికి 35 అక్షరములు చొప్పున స్థలముండెడిది. ఏది వీధి, ఏది ఊరు, ఏది దేశమో యంత్రమునకు తెలియదు. నిషిద్ధుల జాబితాతో పోల్చి చూచునప్పుడు వీధి పేరును దేశము పేరుగా భ్రమించి అమాయకుని డబ్బును ఆపివేయు అవకాశము కలదు.

2004లో మొదట వెలువడిన ఐ.ఎస్.ఓ. 20022 అను ప్రమాణము ఈ సందేశములను ఎక్స్.ఎం.ఎల్. లోనికి మార్చినది. ఊరికి, దేశమునకు, తపాలా సంకేతమునకు వేరువేరు గుర్తులు వచ్చినవి. మొదట వ్యాపార విషయములను నిర్వచించి, వాటినుండి స్కీమాను పుట్టించుట ఈ ప్రమాణపు పద్ధతి.

ఈ కథలో హైదరాబాదుకు కూడ పాత్ర ఉన్నది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థయైన ఐ.డి.ఆర్.బి.టి.ని స్థాపించినది. దేశములోని బ్యాంకులను కలుపు ఇన్ఫినెట్ అను జాలమును 1999లోను, దానిపై సందేశములను నడుపు ఎస్.ఎఫ్.ఎం.ఎస్. అను వ్యవస్థను 2001లోను ఆ సంస్థ నెలకొల్పినది. పెద్ద మొత్తములను వెంటనే బదిలీచేయు ఆర్.టి.జి.ఎస్. 2004 మార్చిలో ప్రారంభమైనది. 2013 అక్టోబరులో దాని క్రొత్త రూపము ఐ.ఎస్.ఓ. 20022 సందేశములతో నడువసాగినది. 2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతిలో కూడ బ్యాంకులకు, జాతీయ చెల్లింపుల సంస్థకు నడుమ తిరుగు సందేశములు డిజిటల్ సంతకముతో కూడిన ఎక్స్.ఎం.ఎల్. లేఖలే. అంతర్జాతీయ చెల్లింపులలో స్విఫ్ట్ 2023 మార్చిలో ఈ మార్పును ప్రారంభించి, పాత క్రొత్త పద్ధతులు ప్రక్కప్రక్కన నడచు కాలమును 2025 నవంబరులో ముగించినది. భారతదేశములోని పెద్ద చెల్లింపుల వ్యవస్థ ఈ త్రోవను పది సంవత్సరములకు ముందే త్రొక్కినది.

ఏ సాధనము దేనికి?

ప్రతి బ్యాంకు శాఖకు ఐ.ఎఫ్.ఎస్.సి. అను పదకొండు స్థానముల సంకేతమున్నది. మొదటి నాలుగు అక్షరములు బ్యాంకును తెలుపును, ఐదవది సున్న, మిగిలిన ఆరు శాఖను తెలుపును. ఇదొక్కటి చూచినను సరిచూచుటలోని మెట్లు బోధపడును.

సంకేతమును చుట్టిన గుర్తు సరిగా తెరచి మూయబడినదా అనునది అల్లిక. దీనిని పార్సరు చూచును. సంకేతము పదకొండు స్థానములలో ఉన్నదా, ఐదవది సున్నయేనా అనునది అమరిక. దీనిని స్కీమా చూచును. సందేశము పైభాగములో చెప్పిన మొత్తము క్రింది చెల్లింపుల కూడికతో సరిపోవునా అనునది అర్థము; దీనిని స్కిమట్రాన్ వంటి నియమ సాధనము చూచును. ఆ సంకేతము గల శాఖ నిజముగా ఉన్నదా, ఆ ఖాతా నిజముగా డబ్బు అందవలసిన వానిదేనా అనునది యథార్థము. దీనిని సందేశములో ఎంత వెదకినను కనుగొనలేము. ఖాతాలున్న బ్యాంకునే అడుగవలెను.

సాధనములను ఎన్నుకొనువారు మొదట ఈ మెట్లను వేరుచేసికొని, ఏ మెట్టున ఎవరు కాపలా ఉందురో నిర్ణయించుకొనుట మంచిది. తరువాతివి సులభమైన ప్రశ్నలు. సందేశము ఎంత పెద్దది? ఎదుటివారు ఏ స్కీమా భాషను, దాని ఏ రూపమును వాడుచున్నారు? డి.టి.డి. తలుపు మూసినారా? ఒడంబడిక ప్రతి ఇంటిలోనే ఉన్నదా? తప్పు దొరికినప్పుడు పంపినవానికి అర్థమగు మాటలలో కారణము చెప్పగలరా? మంచి సందేశములతోపాటు కావలెనని చెడగొట్టిన సందేశములను కూడ కొన్నిటిని తయారుచేసి, ఇరువైపుల సాధనములును వాటిని ఒకే తీరున త్రోసివేయుచున్నవో లేదో చూడవలెను. మంచి లేఖను అంగీకరించుట ఏ సాధనమునకైనను తేలికయే. చెడ్డ లేఖవద్దనే దాని పస తెలియును.

ఇటీవల జేసన్ అను మరింత క్లుప్తమైన రూపము చాలచోట్ల ఎక్స్.ఎం.ఎల్. స్థానమును ఆక్రమించినది. భారత ఆదాయపు పన్ను శాఖ కూడ 2021లో రిటర్నుల ఫైళ్ళను ఎక్స్.ఎం.ఎల్. నుండి జేసన్‌కు మార్చినది. గుర్తులు మారినవి గాని మెట్లు మారలేదు. జేసన్‌కు కూడ స్కీమా కావలసివచ్చినది. లెక్కల నియమములు కావలసివచ్చినవి.

చివరి మెట్టు సంగతి ఇంకను మిగిలియున్నది. మనదేశములో ఆర్.టి.జి.ఎస్., నెఫ్ట్ చెల్లింపులు ఖాతా సంఖ్యనుబట్టియే జమ అగును. సంఖ్యలో ఒక అంకె తారుమారై, అది మరియొకరి ఖాతా సంఖ్యయైనచో, సందేశము అల్లికలోను, అమరికలోను, అర్థములోను నిర్దోషమై, ఒకరి కష్టార్జితము వేరొకరి ఖాతాకు చేరగలదు. అందుచేతనే 2025 ఏప్రిల్ 1వ తేదీనాటికి, డబ్బు పంపుటకు ముందు ఆ ఖాతా ఎవరి పేర ఉన్నదో పంపువానికి చూపు సౌకర్యమును ఏర్పాటు చేయవలెనని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించినది. యంత్రము తాను చూడగలిగినవన్నియు చూచిన పిమ్మట, తెరపై ఒక పేరు చూపి, "వీరేనా?" అని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది డబ్బు పంపు మనిషియే.